మిల్లింగ్ మెషీన్ స్పిండిల్ పట్టేసింది... తప్పు ఎవరిదో బేరింగే చెప్పింది (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈసారి ఎపిసోడ్ కోడింగ్ మీద కాదు, మెషీన్ మీద. మిల్లింగ్ మెషీన్ అంటే తెలియనివాళ్లు కూడా స్కిప్ చేయకండి. బండి స్టార్ట్ కాకపోయినా, మిక్సీ తిరగకపోయినా, ఫోన్ ఛార్జ్ ఎక్కకపోయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందే ఒక మాట. నేను మెకానిక్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు వెతికి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నాను. ఇందులో చెప్పే ఇనుము పని అంతా ఒక పెద్దాయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే.

మా మామయ్యకి జీడిమెట్లలో చిన్న షెడ్డు ఉంది. జాబ్ వర్క్ చేస్తారు. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషీన్, ఒక టరెట్ మిల్లింగ్ మెషీన్. ఆ మిల్లింగ్ మెషీన్ మీద పనిచేసేది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అబ్బాయి. ఐటీఐ చేశాడు, ఇరవై ఏళ్లుంటాయి. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాడు. షెడ్డు కూడా వారం రోజులు మూసే ఉంది. తెరిచిన రోజు పొద్దున మెషీన్ ఆన్ చేసి, ఎంఎస్ ప్లేట్‌లో స్లాట్ కొడుతున్నాడు. గంట గడిచిందో లేదో, కీచుమని బెల్టు అరుపు, రబ్బరు కాలిన వాసన. స్పిండిల్ ఆగిపోయింది.

మామయ్య మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయన చూడకుండానే చెప్పేశాడు: "స్పిండిల్ పోయింది సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి." మామయ్య అబ్బాయి వైపు తిరిగి, "పండగ మత్తులో డెప్త్ ఎక్కువ ఇచ్చావు. ఈ నెల జీతంలో నాలుగు వేలు కట్" అన్నారు. అబ్బాయి ఏం మాట్లాడలేదు. నేను ఆ రోజు వేరే పని మీద అక్కడికి వెళ్లాను. నాకు అనిపించింది ఒక్కటే. లాగ్స్ చూడకుండా బగ్ ఎవరిదో ఎలా చెప్తారు?

స్పిండిల్ అంటే ఏంటి?

మిల్లింగ్ మెషీన్‌లో కట్టర్‌ని పట్టుకుని తిప్పే షాఫ్టే స్పిండిల్. టరెట్ మెషీన్‌లో పైన మోటర్ ఉంటుంది. మోటర్ నుంచి బెల్టు, బెల్టు నుంచి పుల్లీ, పుల్లీ నుంచి గేర్లు, గేర్ల నుంచి స్పిండిల్. ఆ స్పిండిల్ క్విల్ అనే ఒక గొట్టంలో కూర్చుని ఉంటుంది. డ్రిల్లింగ్ మెషీన్‌లో హ్యాండిల్ లాగితే కిందికి దిగే భాగం ఉంటుంది కదా, అదే క్విల్. దాని లోపల కింద ఒక జత బేరింగులు, పైన ఇంకో బేరింగు.

కింది జతని యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు అంటారు. బండి చక్రంలో బేరింగుకి కొద్దిగా లూజు ఉన్నా నడిచిపోతుంది. ఇక్కడ ఆ మాత్రం లూజు కూడా పనికిరాదు. బాల్స్‌ని ముందే కొంచెం ఒత్తి బిగిస్తారు. దాన్ని ప్రీలోడ్ అంటారు. అలా బిగిస్తేనే కట్టర్ ఊగకుండా సైజు కరెక్టుగా వస్తుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. లూబ్రికేషన్ తగ్గితే బేరింగు వేడెక్కుతుంది. వేడెక్కితే లోపలి రింగు వ్యాకోచిస్తుంది. వ్యాకోచిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఆ చక్రం ఆగకపోతే చివరికి పట్టేస్తుంది.

మొదటి రూల్: మళ్లీ స్టార్ట్ నొక్కొద్దు

మామయ్య చేసిన మొదటి పని మూడుసార్లు స్టార్ట్ బటన్ నొక్కడం. మూడోసారికి ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. ఆ రిలే లేకపోయి ఉంటే మోటర్ కూడా పోయేది. ఎందుకంటే తిరగకుండా నిలిచిపోయిన ఇండక్షన్ మోటర్ మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. చల్లబరచాల్సిన ఫ్యాన్ కూడా తిరగదు. వైండింగ్ కాలడానికి ఎక్కువసేపు పట్టదు.

కాబట్టి ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోవాలి. మీ చెయ్యి స్పిండిల్ మీద ఉన్నప్పుడు ఎవరో వచ్చి "ఏంట్రా ఆగింది" అని ఆన్ చేస్తే, తర్వాత ఎవరినీ ఏమీ అనలేం.

చెవి, ముక్కు ఏం చెప్పాయి?

ఏదీ విప్పకముందే సగం సమాచారం దొరుకుతుంది. మెషీన్ ఆగినప్పుడు ఏం వినిపించిందో అడగండి.

అసలు శబ్దమే రాకపోతే కరెంటు వైపు చూడాలి. కాంటాక్టర్, రిలే, ఎమర్జెన్సీ స్విచ్.

మోటర్ "గూ..." అని మూలిగి తిరగకపోతే రెండు అవకాశాలున్నాయి. ఒకటి, మెకానికల్‌గా ఎక్కడో పట్టేసింది. రెండు, ఒక ఫేజ్ పోయింది. మన దగ్గర గాలివానకి లైన్‌లో ఫ్యూజ్ పోయి మూడు ఫేజుల్లో రెండే మిగలడం మామూలే. రెండు ఫేజుల మీద త్రీ ఫేజ్ మోటర్ స్టార్ట్ కాదు, మూలుగుతుంది. స్పిండిల్ పోయిందని హెడ్ విప్పేశాక లైన్‌మన్ వచ్చి ఫ్యూజ్ వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీటర్ పెట్టి ఆర్-వై, వై-బి, బి-ఆర్ మూడు జతల మధ్యా 415 వోల్టుల దగ్గర వస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

బెల్టు అరిచి, రబ్బరు వాసన వస్తే మోటర్ తిరుగుతోంది, దాని తర్వాత ఏదో ఆగిపోయింది అని అర్థం. మా కేసు ఇదే. అంటే కరెంటు వైపు అనుమానం చాలావరకు పోయినట్టే.

సగం సగం చేసుకుంటూ పోవడం

సాఫ్ట్‌వేర్‌లో వంద మార్పుల్లో ఏది కొంప ముంచిందో తెలియకపోతే మధ్యలో కోసి చూస్తాం. పై సగంలో ఉందా, కింది సగంలో ఉందా? ఉన్న సగాన్ని మళ్లీ కోస్తాం. మెషీన్ దగ్గర కూడా అదే చేశాం.

ముందు తేలికైనవి. స్పిండిల్ బ్రేక్ లివర్ వేసి ఉందా? గేర్ లివర్ సరిగ్గా ఒక స్థానంలో పడిందా, మధ్యలో ఇరుక్కుందా? క్విల్ పవర్ ఫీడ్ ఎంగేజ్ అయి ఉందా? కట్టర్ జాబ్‌లోనే దిగబడి ఉందా? నవ్వకండి. పట్టేసిందని పిలిచిన చోట బ్రేక్ వేసి ఉన్న కేసులు తాను చాలా చూశానని పెద్దాయన చెప్పారు. మా దగ్గర అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. టేబుల్ కిందికి దించి కట్టర్‌ని జాబ్ నుంచి విడిపించాం. అయినా కదల్లేదు.

తర్వాత టూల్ బయటికి తీశాం. మాది ఐఎస్ఓ 40 టేపర్. ఈ టేపర్ వాలు ఎక్కువ కాబట్టి గట్టిగా పట్టుకోదు. డ్రా బోల్ట్ రెండు చుట్లు వదులు చేసి, ఇత్తడి సుత్తితో ఒక చిన్న తట్టు తడితే వచ్చేసింది.

మొదటి కోత: బెల్టు తీసేశాం. మోటర్ పుల్లీని చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. అందరినీ దూరంగా నిలబెట్టి, ఫ్యూజులు వేసి ఒక్క క్షణం మోటర్ ఒక్కదాన్నే నడిపాం. బాగుంది. మళ్లీ ఫ్యూజులు తీసేశాం. మోటర్ నిర్దోషి.

రెండో కోత: గేర్ లివర్ న్యూట్రల్‌లో పెట్టాం. ఇప్పుడు పుల్లీకి, స్పిండిల్‌కి సంబంధం లేదు. మా మెషీన్‌లో బ్రేక్ పుల్లీ దగ్గరే ఉంటుంది కాబట్టి అది కూడా పక్కకి పోయింది. స్పిండిల్‌ని చేత్తో తిప్పితే? వెంట్రుకవాసి అటూ ఇటూ కదిలి టక్కున ఆగుతోంది. అంటే తప్పు న్యూట్రల్‌కి కింద ఉంది.

మూడో కోత: క్విల్ బయటికి తీయడం. ఇక్కడి నుంచి బాలానగర్‌లో స్పిండిల్ పని చేసే పెద్దాయన వచ్చారు. క్విల్‌ని పైకి లాగే ఒక చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. అది బిగువు మీద ఉంటుంది కాబట్టి తెలియకుండా విప్పితే వేళ్లు పోతాయి. యూట్యూబ్ చూసి చేయకండి, నా వీడియో చూసి అసలే చేయకండి. టేబుల్ మీద చెక్క దిమ్మ పెట్టి, క్విల్‌ని దాని మీదకి దించారు. పైన మిగిలిన గేర్ హబ్‌ని చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది. అంటే పట్టేసింది క్విల్ లోపలే. బేరింగులు.

మొత్తం మూడు కోతలు. పూర్తి మెషీన్ నుంచి అరచేతిలో పట్టే చోటుకి వచ్చాం. స్పిండిల్ అసెంబ్లీ అంతా మార్చాలో లేదో ఇంకా తెలియదు, కానీ మోటర్, గేర్లు విప్పాల్సిన పని మాత్రం లేదని తేలిపోయింది.

ఇక్కడ ఇంకో చిట్కా. ఆగిపోయిన స్పిండిల్ అరగంట చల్లారాక దానంతట అదే తిరిగితే, ఇందాక చెప్పిన వేడి చక్రం అని అనుమానించాలి. ప్రీలోడ్ ఎక్కువైందో, లూబ్రికేషన్ తగ్గిందో. చల్లారినా అంతే గట్టిగా ఉంటే లోపల ఏదో విరిగింది లేదా ఇరుక్కుంది. మాది రెండో రకం.

చేయకూడని పని

మామయ్య ఈలోపు పైపు రెంచి తెచ్చారు. "పట్టి ఒక్క గుంజు గుంజితే వదులుతుంది" అని. పెద్దాయన ఆ రెంచి తీసుకుని పక్కన పెట్టేశారు. "బాబూ, ఇప్పుడు నువ్వు కొట్టే ప్రతి దెబ్బా బాల్ మీద నుంచి రింగు మీద పడుద్ది. మచ్చ పడిందంటే ముందు ఏం జరిగిందో నాకు కనపడదు" అన్నారు. క్రైమ్ సీన్‌లో నడవొద్దని పోలీసులు చెప్పినట్టు. కొత్తగా దెబ్బ తగలడం ఒక నష్టం, సాక్ష్యం చెరిగిపోవడం ఇంకో నష్టం.

బేరింగు ఏం చెప్పింది?

విప్పే ముందు ప్రతి దశా నా ఫోన్‌లో ఫోటో తీశాను. ఏ రింగు ఎటు తిరిగి ఉంది, ఏ స్పేసర్ ఏ వరుసలో ఉంది అన్నీ. మీరు కూడా ఏ వస్తువు విప్పినా ఇది అలవాటు చేసుకోండి.

కింద క్యాప్ తీయగానే గ్రీజు కనిపించింది. మామూలు గ్రీజు రంగు లేదు. పాలు కలిపిన టీలా ఉంది. అంటే అందులో నీళ్లు కలిశాయి. ఇంకా కిందికి వెళ్తే బేరింగు కేజ్ విరిగిపోయి ఉంది. బాల్స్‌ని సమాన దూరంలో పట్టుకునే చట్రమే కేజ్. దాని ముక్క ఒకటి బాల్‌కీ రింగుకీ మధ్య ఆపులా ఇరుక్కుంది. వెంట్రుకవాసి కదిలి టక్కున ఆగింది అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కేజ్ ఎందుకు విరిగింది? పెద్దాయన రింగుని పెట్రోలుతో కడిగి, ఎండలోకి తీసుకెళ్లి చూపించారు. ఆయన చెప్పిన గుర్తులు రాసుకున్నాను, మీరు కూడా రాసుకోండి.

రింగు నీలంగా లేదా గోధుమ రంగులో మాడినట్టుంటే అది వేడి. లూబ్రికేషన్ లేదు లేదా ప్రీలోడ్ ఎక్కువ.

బాల్స్ ఎంత దూరంలో ఉంటాయో అంతే దూరంలో మెరిసే గుంటలు పడితే అది దెబ్బ. క్రాష్ అయింది, లేదా సుత్తితో కొట్టారు.

రింగు చుట్టూ అడ్డగీతలు చారలు చారలుగా బట్టలుతికే బండలా ఉంటే, బేరింగు గుండా కరెంటు పారింది. డ్రైవ్‌తో నడిచే మోటర్లలో ఇది వస్తుంది.

పొర పొరగా చిన్న పెచ్చులు ఊడితే మెటల్ అలిసిపోయింది. వయసు.

బాల్స్ దూరంలోనే ఎర్రటి తుప్పు మచ్చలు, వాటి అడుగున చిన్న గుంతలు ఉంటే, మెషీన్ ఆగి ఉన్నప్పుడు లోపల నీళ్లు నిలిచాయి.

మా రింగు మీద ఉన్నది చివరిది. ఎర్రటి మచ్చలు, వరుసగా. నీలం రంగు లేదు, మెరిసే గుంటలు లేవు.

అంటే కథ ఇది. కొన్ని నెలలుగా కూలెంట్ కొంచెం కొంచెంగా లోపలికి వెళ్లింది. గ్రీజు పాడైంది. సంక్రాంతికి షెడ్డు మూసిన వారం రోజులు ఆ నీళ్లు బాల్స్ కింద అలాగే నిలిచి తుప్పు తిన్నాయి. తెరిచిన రోజు ఆ గరుకు గుంతల మీద బాల్స్ పరిగెత్తాయి. కేజ్ తట్టుకోలేక విరిగింది. గంటలో పట్టేసింది.

డెప్త్ ఎక్కువ ఇస్తే ఏమయ్యేది? ముందు కట్టర్ విరిగేది లేదా బెల్టు జారేది. ఒక్క గంటలో అంత లోతు తుప్పు గుంతలు మాత్రం ఎవరూ పుట్టించలేరు.

మరి కూలెంట్ లోపలికి ఎలా వెళ్లింది?

ఇది అడగ్గానే షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన మెషీన్ పక్కన మేకుకి వేలాడుతున్న ఎయిర్ గన్ వైపు చూశారు. రోజూ సాయంత్రం కంప్రెసర్ గాలితో చిప్స్ ఊదేస్తారు. స్పిండిల్ మూతి దగ్గర కూడా. ఆ గాలి చిప్స్‌ని ఎగరగొట్టడమే కాదు, చిన్న సందులోంచి కూలెంట్‌నీ, సన్నటి ఇనుప పొడినీ బేరింగుల్లోకి తోస్తుంది.

ఎవరు నేర్పారు? కంప్రెసర్ కొన్నది మామయ్య. "బ్రష్ పట్టుకుంటే అరగంట వేస్ట్, గాలి కొట్టు" అని చెప్పింది కూడా మామయ్యే.

అప్పుడు ఆ అబ్బాయి మొదటిసారి నోరు తెరిచాడు. "అన్నా, ఒకటి చూపించనా?" అని ఫోన్ తీశాడు. ఊరెళ్లే ముందు రోజు వాట్సాప్ స్టేటస్‌కి ఒక వీడియో తీసుకున్నాడు. మెషీన్ నడుస్తోంది, వెనక పాట. పాట కలపని ఒరిజినల్ గ్యాలరీలో ఉంది. సౌండ్ పెంచి విన్నాం. స్విచ్ ఆఫ్ చేశాక స్పిండిల్ ఆగేటప్పుడు "గర గర" మని శబ్దం. మంచి స్పిండిల్ నిశ్శబ్దంగా ఆగుతుంది. అంటే పండగకి ముందే బేరింగు గొంతు మారింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నారు మామయ్య.

"చెప్పాను సార్. 'పాత మెషీన్ అలాగే అంటది, పని చూడు' అన్నారు."

మామయ్య ఏం అనలేదు. బయటికి వెళ్లి టీ చెప్పి వచ్చారు.

తర్వాత ఏం చేశాం?

షాఫ్ట్ మీద బేరింగు కూర్చునే చోటు దెబ్బతినలేదు. కాబట్టి అసెంబ్లీ మొత్తం అక్కర్లేదు, బేరింగులు మారిస్తే చాలు. ఇందులో గుర్తుంచుకోవాల్సినవి కొన్ని.

కింది రెండు బేరింగులు మ్యాచ్‌డ్ జతగా కొనాలి. విడివిడిగా రెండు కొని పెట్టేస్తే ప్రీలోడ్ సరిగ్గా రాదు. అవి ఏ దిశలో కూర్చోవాలో బయటి రింగు మీద గుర్తు ఉంటుంది. విప్పినప్పుడు తీసిన ఫోటోలు ఇక్కడే పనికొచ్చాయి.

గ్రీజు దట్టించకూడదు. ఖాళీ స్థలంలో మూడో వంతుకి మించితే అదే వేడి పుట్టిస్తుంది. ఎక్కువ పెడితే మంచిదనుకోవడం మనందరి అలవాటు.

కడిగిన బేరింగుని గాలి గన్‌తో తిప్పి ఆడుకోకూడదు. నూనె లేకుండా అంత స్పీడులో తిరిగితే కొత్తదే పాడవుతుంది.

బిగించాక డయల్ పెట్టి స్పిండిల్ మూతి దగ్గర ఊగుడు చూశారు. తర్వాత తక్కువ స్పీడుతో మొదలుపెట్టి, కాసేపాగి స్పీడు పెంచుతూ, ప్రతిసారీ వేడి ఎంతుందో చూస్తూ నడిపారు. మొదట్లో వేడి పెరిగి ఒక చోట నిలబడాలి. నిలబడకుండా పెరుగుతూనే ఉంటే ఆపి మళ్లీ విప్పాల్సిందే.

మీ ఫోన్‌తో చేయగలిగింది

మెషీన్ దగ్గర పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకోసం. వారానికి ఒకసారి ఒకే స్పీడులో, అదే బెల్టు స్థానంలో మెషీన్ నడిపి స్విచ్ ఆఫ్ చేయండి. బ్రేక్ వేయకుండా పూర్తిగా ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూసి రాసుకోండి. అదే సమయంలో శబ్దం రికార్డ్ చేయండి. ఆగే సమయం వారం వారం తగ్గుతుంటే, లేదా శబ్దం మారితే, బేరింగు మీతో ఏదో చెప్తోంది.

ఆ రికార్డింగ్ మెషీన్‌ని కాపాడుతుంది. ఒక్కోసారి మీ జీతాన్ని కూడా. "చెప్పాను సార్" అంటే మాట. తేదీ ఉన్న వీడియో అంటే సాక్ష్యం.

సీఎన్‌సీ వీఎంసీ మీద పనిచేసేవాళ్లకి ఒక్క మాట. అక్కడ కూడా ఆలోచన ఇదే, కానీ విప్పే పని మీది కాదు. అలారం నంబర్ ఫోటో తీయండి, ఆగే ముందు లోడ్ మీటర్ ఎంత చూపించిందో రాసుకోండి, స్పిండిల్ మూతికి వచ్చే ఎయిర్ పర్జ్ గాలి వస్తోందో లేదో చూడండి. ఆ గాలి లోపలి నుంచి బయటికి వస్తుంది, అందుకే కూలెంట్‌ని ఆపుతుంది. మన ఎయిర్ గన్ బయటి నుంచి లోపలికి కొడుతుంది. రెండూ గాలే, పని మాత్రం పూర్తి తలకిందులు.

నెలాఖరుకి నేను అబ్బాయికి ఫోన్ చేశాను. జీతం పూర్తిగా వచ్చిందన్నాడు. మామయ్య సారీ ఏమైనా చెప్పారా అని అడిగితే నవ్వాడు. "చెప్పలేదన్నా. కానీ ఎయిర్ గన్ మేకు మీద లేదు. అక్కడ రెండు కొత్త బ్రష్‌లు వేలాడుతున్నాయి. ఒకటి సారే పట్టుకుని తుడుస్తున్నారు."

మీ దగ్గర కూడా చూడకుండానే ఎవరో ఒకరి మీద తప్పు వేసిన మెషీన్ కథ ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో త్రీ ఫేజ్ మోటర్, సింగిల్ ఫేజింగ్ గురించి వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఏదైనా ఆగిపోతే ముందు మెయిన్ ఆఫ్, తర్వాతే మాట. ఉంటాను, బై.